జేడ్ మొక్క: ఎండకు కాదు, నీళ్లు ఎక్కువైతేనే చస్తుంది.. వానాకాలంలో ఇలా కాపాడుకోండి!

నర్సరీ నుంచి తెచ్చిన జేడ్ మొక్క ఎండాకాలమంతా బాగానే ఉంటుంది. వానలు మొదలయ్యాక ఆకులు పసుపెక్కి రాలిపోతుంటాయి. ఎండిపోతోందేమో అనుకుని ఇంకో చెంబు నీళ్లు పోస్తాం. అంతే, దాని పని అయిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జేడ్ పెంచేవాళ్లకు అసలు చిక్కు ఇదే.

ఎందుకిలా?

జేడ్ పుట్టిల్లు దక్షిణాఫ్రికా. వానలు తక్కువ పడే రాళ్ల నేలల్లో పెరిగే మొక్క కాబట్టి నీటిని ఆకుల్లోనే దాచుకుంటుంది. మన పెరట్లో ఉండే రణపాల కూడా ఇదే కుటుంబానికి చెందింది. మన దగ్గర జూన్ నుంచి నైరుతి వానలు, ఆ తర్వాత తుపాన్ల కాలం. తీరంలో గాలిలో తేమ కూడా ఎక్కువే. కుండీలో మట్టి ఆరక, వేర్లకు గాలి అందక కుళ్లిపోతాయి.

మీ ఇంట్లో ఉన్నది జేడేనా?

మన నర్సరీల్లో జేడ్ పేరుతో ఎక్కువగా అమ్మేది నిజానికి 'పోర్టులకారియా'. చిన్న గుండ్రటి ఆకులు, ఎర్రటి సన్న కాడలు ఉంటే అదే. ఇది ఎండను బాగా తట్టుకుంటుంది. అసలు జేడ్ 'క్రాసులా' ఆకులు పెద్దగా, మందంగా ఉంటాయి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే జాగ్రత్త! క్రాసులా ఆకులు తింటే వాటికి వాంతులవుతాయి. పోర్టులకారియాతో ఆ భయం లేదు.

మట్టి ఎలా కలపాలి?

* ముతక ఏటి ఇసుక 2 పాళ్లు, ఎర్రమట్టి 1 పాలు, బాగా మాగిన గత్తం 1 పాలు కలపండి.
* సముద్రపు ఇసుక వద్దు. అందులో ఉప్పు ఉంటుంది.
* ఉద్దానం వైపు కొబ్బరి పొట్టు తేలిగ్గా దొరుకుతుంది. కానీ అది నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి జేడ్‌కు ఎక్కువ వేయకండి.
* అడుగున రంధ్రం ఉన్న మట్టి కుండీ మేలు. కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి.

నీళ్లు ఎప్పుడు పోయాలి?

వేలు 2 అంగుళాల లోతుకు గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే పోయండి. ఆకులు ముడతలు పడితే దాహం వేసినట్టు. పసుపెక్కి మెత్తబడితే నీళ్లు ఎక్కువైనట్టు. ఈ తేడా గుర్తుంటే చాలు. ఉదయపు ఎండ మంచిది, మే నెల మధ్యాహ్నం మాత్రం నీడకు మార్చండి.

తుపాను హెచ్చరిక వస్తే?

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ.. రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలలో కుండీలను డాబా మీద వదిలేయకండి. కిటికీ పక్కకో, వసారాలోకో చేర్చండి. వాన తగ్గేదాకా నీళ్లు పోయొద్దు.

కుళ్లడం మొదలైతే?

మొక్కను మట్టిలోంచి తీసి, నల్లగా మెత్తబడిన భాగమంతా కోసేయండి. గట్టిగా, పచ్చగా ఉన్న కొమ్మను నీడలో 4, 5 రోజులు ఆరనివ్వండి. కోసిన చోట పొర కట్టాక పొడి ఇసుక మట్టిలో గుచ్చండి. వారం తర్వాతే కొద్దిగా నీళ్లు చిలకరించండి. మొదలు మొత్తం పోయినా, ఒక్క మంచి కొమ్మ మిగిలితే మళ్లీ మొక్క వస్తుంది.