ఉక్కు ముల్లు నుంచి వజ్రపు మొన దాకా

గుంటూరు, ప్రకాశం జిల్లాల పాత ఇళ్ళలో అటకలు దులిపితే రెండు రకాల ప్లేట్లు బయటపడతాయి. బరువుగా ఉండి, చేయి జారితే పగిలిపోయే లక్క ప్లేట్లు ఒక రకం. పలుచగా, కాస్త వంగే వినైల్ ఎల్పీలు మరో రకం. వాటిని మళ్ళీ వినాలని టర్న్‌టేబుల్ కొనేవాళ్ళు ముందు స్పీకర్ల గురించి అడుగుతారు. అడగాల్సింది ముల్లు గురించి.

ఎడిసన్ 1877లో స్తంభాకారపు గొట్టం మీద గొంతును పట్టాడు. బెర్లినర్ 1887లో దాన్ని పళ్ళెంగా మార్చాడు. 1902లో రికార్డింగ్ నిపుణుడు గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. 1908 నాటికి అక్కడి సియాల్దాలో ప్లేట్ల ఫ్యాక్టరీయే వచ్చింది. ప్లేటుకు ముడిసరుకు మన అడవుల్లో దొరికే లక్క. అందులో కావాలనే రాతిపొడి కలిపేవారు. ఉక్కు ముల్లు మొదటి చుట్లలోనే ఆ పొడికి అరిగి, గాడి ఆకారానికి సర్దుకునేది. అందుకే ప్లేటు ఒక వైపు అయిపోగానే ముల్లు మార్చాలి. పొదుపుకు పోయి పాత ముల్లే వాడితే గాడి కోసుకుపోయేది. ఆనాటి గ్రామఫోను పెట్టెకు వాల్యూం మీట లేదు. సన్నముల్లు పెడితే మెల్లగా, లావుముల్లు పెడితే గట్టిగా పాడేది. ముళ్ళ రేకు డబ్బాయే ఆ రోజుల్లో అసలైన యాక్సెసరీ.

పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. బాపట్ల నటుడు స్థానం నరసింహారావు తరం నాటకాల్లో ఒన్స్‌మోర్‌లతో తెల్లవార్లూ సాగే రాగాలకు అది ఇరుకు. అయినా ఆ ప్లేట్ల మీదే గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల అధ్యాపకుడు కరుణశ్రీ రాసిన ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో మైకుసెట్ల మీద ఊరూరా తిరిగింది. ఘంటసాలే పాడిన ‘నమో వెంకటేశా’ వినిపిస్తే టూరింగ్ టాకీసులో ఆట మొదలవబోతోందని జనం పరుగెత్తేవారు.

1948లో అమెరికాలో ఎల్పీ వచ్చింది. వేగం నిమిషానికి 78 చుట్ల నుంచి 33⅓కి తగ్గింది, గాడి సన్నబడింది. లక్క ప్లేటుకు కావలసిన మొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు. ఎల్పీకి పాతిక లోపే. మన దేశంలో లక్క ప్లేట్లు 1960ల దాకా అచ్చవుతూనే ఉన్నాయి కాబట్టి, ఆ తరం పెట్టెల్లో చాలావాటికి తిప్పితే మారే రెండు మొనలు ఉండేవి. ఘంటసాల భగవద్గీత ఆయన పోయాక, 1974లో ఎల్పీగానే వచ్చింది. ఈలోగా గాడి మీద పడే బరువూ తగ్గింది. ముల్లును పట్టే పాత సౌండుబాక్సు వంద గ్రాములకు పైనే మోపేది. దాని స్థానంలో వచ్చిన సిరామిక్ కార్ట్రిడ్జి అయిదారు గ్రాములకు దించింది. నేటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి రెండు గ్రాములు చాలు.

ఎంపిక క్రమం ఈ చరిత్రలోనే ఉంది. ఇంట్లో ‘పుష్పవిలాపం’ లక్క ప్లేటు ఉంటే 78 వేగం ఉన్న యంత్రమే కొనాలి. ఇప్పటి వాటిలో చాలావాటికి ఆ వేగం లేదు. వజ్రపు మొన ఎల్పీకి ఒకటి, 78కి ఒకటి ఉండాలి. కార్ట్రిడ్జిని పట్టే హెడ్‌షెల్ విడదీయగలిగేదైతే మార్చుకోవడం తేలిక. తర్వాత గాడి మీద పడే బరువు తూచే చిన్న త్రాసు. మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఇచ్చే సంకేతం బలహీనం కాబట్టి, యంత్రంలో గానీ యాంప్లిఫయరులో గానీ దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ ఉందో లేదో చూసుకోవాలి.

పత్తి జిన్నింగు మిల్లుల నూగు, మిర్చి యార్డుల ధూళి తెలిసిన ఊళ్ళలో కార్బన్ ఫైబర్ బ్రష్షు తప్పదు. స్పిరిట్ కలిసిన ద్రవంతో మాత్రం లక్క ప్లేటు తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఈ ప్రాంతంలో రోహిణి కార్తెకు ముందే వినైల్ ప్లేట్లను నీడపట్టు గదిలో నిలువుగా పేర్చాలి. ఒకదాని మీద ఒకటి పెడితే వంకర తిరుగుతాయి. ఖరీదైన మ్యాట్లు, బరువు బిళ్ళలు ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.