లీవిట్ కొలబద్ద, చంద్రా తూకంరాయి

సైన్సు చరిత్రలో స్త్రీల గురించి రాసేటప్పుడు మనం ఎక్కువగా ఆవిష్కరణల దగ్గర మొదలుపెడతాం. ఎవరు ముందు కనుక్కున్నారు, ఆ పేరు ఎవరికి పోయింది అని. ఆ లెక్క తేల్చాల్సిందే. కానీ ఎవరైనా ఏదైనా కనుక్కోవాలంటే ముందు కొలతలు సరిగ్గా ఉండాలి కదా! వాటిని సరిచూసే పనికి మన స్త్రీవాద చరిత్రల్లో కూడా చోటు తక్కువే.

1999 జులై 23న కొలంబియా షటిల్ చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపుని మోసుకెళ్లింది. కమాండర్ ఐలీన్ కాలిన్స్. షటిల్‌కి కమాండరైన మొదటి స్త్రీ. ఆ 'మొదటి' గురించి అందరూ రాశారు. నాకు ఆసక్తి ఆ తర్వాతి కథ మీద.

చంద్రాలోని ఏసిస్ కెమెరాలో పది సీసీడీ చిప్పులున్నాయి. ఎక్స్‌రే ఫోటాన్ తగిలితే చిప్పులో ఎలక్ట్రాన్లు విడివడతాయి. వాటి లెక్కని బట్టి ఫోటాన్ శక్తి ఎంతో చెప్పాలి. ఆ రెంటినీ కలిపే నిష్పత్తే గెయిన్. మొదటి వారాల్లోనే దెబ్బ తగిలింది. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాలు దాటేటప్పుడు ప్రోటాన్లు టెలిస్కోపు అద్దాల మీద నుంచే వచ్చి ఎనిమిది చిప్పుల్ని పాడుచేశాయి. అప్పటినుంచీ ఎలక్ట్రాన్లు గడి నుంచి గడికి జరుగుతూ బయటికొచ్చే దారిలో కొన్ని చిక్కుకుపోతున్నాయి. దారి పొడవైన కొద్దీ నష్టం ఎక్కువ. అంటే ఒకే శక్తి గల ఫోటాన్ చిప్పులో ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాత వలయాలు దాటే ప్రతిసారీ కెమెరాని పక్కకి జరిపి దాస్తున్నారు. 2000లో చిప్పుల్ని మైనస్ 120 డిగ్రీలకి చల్లబరిచారు.

దాచే చోట ఒక తూకంరాయి ఉంది: ఐరన్-55 అనే రేడియోధార్మిక మూలకం. మాంగనీసు, టైటానియం, అల్యూమినియం ఎక్స్‌రేలు కచ్చితమైన శక్తులతో చిప్పుల మీద పడతాయి. వాటిని చూసి మూడేసి నెలలకోసారి గెయిన్ సవరిస్తూ వచ్చారు. అయితే ఐరన్-55 సుమారు 2.7 ఏళ్లకోసారి సగమైపోతుంది. పాతికేళ్లకి మిగిలింది ఐదువందల్లో ఒక వంతు. తూకం మారలేదు, రాయే కనిపించనంత మసకబారింది. అందుకే ఇప్పుడు కాసియోపియా-ఎ అనే పేలిపోయిన నక్షత్రపు శకలాల వైపు చూస్తున్నారు. పైగా వయసు మీదపడి టెలిస్కోపు వేడెక్కుతోంది. ప్రతి ఉష్ణోగ్రతకీ వేరే సవరణ!

ఇదంతా ఎందుకంటే, 2014లో ఎస్రా బుల్‌బుల్ బృందం గెలాక్సీ గుచ్ఛాల్లో 3.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక బలహీనమైన గీత చూసింది. కృష్ణపదార్థం జాడ కావచ్చన్నారు. వెంటనే వచ్చిన ప్రశ్నల్లో ఒకటి: అది ఆకాశంలో ఉందా, పరికరంలో ఉందా? 2016లో జపాన్ టెలిస్కోపు హిటోమి పెర్సియస్ గుచ్ఛాన్ని చూస్తే అంత బలమైన గీత కనబడలేదు. ఇలాంటి తగువుల్లో గెయిన్ సరిచూసినవాళ్లే సాక్షులు.

చంద్రా కేంద్రం ఉన్న కేంబ్రిడ్జిలోనే, హార్వర్డ్ అబ్జర్వేటరీలో, వందేళ్ల కిందట హెన్రియెట్టా లీవిట్ గంటకి 30 సెంట్ల జీతానికి పనిచేసింది. సెఫీడ్ నక్షత్రాల సూత్రం కనుక్కున్నదని ఆమెని తలుచుకుంటాం. ఆ 1912 పత్రం కింద సంతకం పికరింగ్‌ది. ఇది మిస్ లీవిట్ తయారుచేసిందని మొదటి వాక్యంలో ఉంది, అంతే. కానీ ఏళ్లపాటు ఆమె చేత చేయించిన పని వేరే. ధ్రువం దగ్గరి 96 నక్షత్రాల వెలుగుని 13 టెలిస్కోపులు తీసిన 299 ఫోటో పలకల మీద కొలిచి, లోకమంతా వాడుకునే కొలబద్ద తయారుచేయడం. ఆ పని చిన్నదని నేననను. తనకి నచ్చిన నక్షత్రాల దగ్గరికి వెళ్లే తీరిక లేకుండా చేసిందని మాత్రం అంటాను. ఈ రెండు మాటలూ కలిపి అనగలిగితేనే ఆమె గురించి న్యాయంగా రాసినట్టు.

1925లో స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ఆమె పేరు నోబెల్‌కి ప్రతిపాదించాలనుకుని ఉత్తరం రాశాడు. లీవిట్ 1921 డిసెంబరులోనే చనిపోయింది. ఆ ఉత్తరం మెచ్చుకున్నది కూడా సెఫీడ్ సూత్రాన్నే.