ఓర్వకల్లు సౌరక్షేత్రం – రివర్స్ వేలం: ఒక చారిత్రక పరిశీలన

‘వేలం’ పోర్చుగీసు వర్తకుల ద్వారా మన భాషలోకి వచ్చిన పదం. వేలంపాట అనగానే తెలుగువారికి స్ఫురించేది హెచ్చుపాటే. కొనుగోలుదారు ఒక్కడై, అమ్మజూపేవారు పలువురై, ధర మెట్టుమెట్టుగా దిగివచ్చే విధానమే రివర్స్ వేలం. దీని గుణదోషాలు రాయలసీమలో స్పష్టంగా కనిపించేది ఓర్వకల్లు, గడివేముల మండలాల్లోని శకునాల, గని గ్రామాల పరిధిలో వెలసిన 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కులో.

2015 నవంబరులో ఎన్టీపీసీ నిర్వహించిన వేలంలో అమెరికాకు చెందిన సన్ ఎడిసన్ 500 మెగావాట్లను యూనిట్ రూ. 4.63 ధరకు దక్కించుకుంది. మరుసటి నెలలో సాఫ్ట్ బ్యాంక్ అనుబంధ సంస్థ అదే ధరకు 350 మెగావాట్లు పొందింది. 2010 నాటి జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో కనిష్ఠ ధర రూ. 10.95 అని గుర్తుచేసుకుంటే ఈ పతనం ఎంతటిదో అర్థమవుతుంది. అయితే ఘనతంతా వేలానిదే అనడం సరికాదు. ప్రపంచ విపణిలో పలకల ధర తగ్గింది. భూమి, విద్యుత్ సరఫరా మార్గం పార్కు ద్వారానే సమకూరాయి. చెల్లింపుకు ఎన్టీపీసీ పూచీ ఉంది. పోటీదారుకు నష్టభయం తగ్గినప్పుడే పాట కిందికి దిగుతుంది.

పాట గెలిచిన ఆరు నెలలైనా గడవకముందే, 2016 ఏప్రిల్‌లో, సన్ ఎడిసన్ దివాలా రక్షణ కోరింది. దానికి ప్రధాన కారణం ఆ సంస్థ ప్రపంచవ్యాప్తంగా చేసిన అప్పులే తప్ప ఓర్వకల్లు పాట ఒక్కటే కాదు. కానీ అతి తక్కువ ధర చెప్పినవారికే పని అప్పగించే పద్ధతి, వారి ఆర్థిక పటిష్ఠతను తగినంతగా తూచలేదన్న సంగతి మాత్రం బయటపడింది. గ్రీన్‌కో ఆ భారతీయ ఆస్తులను కొనుగోలు చేసింది. 2017లో పార్కు పూర్తయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కడప పార్కు వేలంలో ధర రూ. 3.15కు దిగింది.

తర్వాతి పరిణామమే మరింత ఆలోచింపజేస్తుంది. కొత్త వేలాల ధరలు పాత ఒప్పందాలను తప్పుపట్టే కొలమానమయ్యాయి. పవన, సౌర ఒప్పందాల ధరలు తగ్గించేందుకు 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నతస్థాయి సంప్రదింపుల సంఘాన్ని నియమించగా వివాదం హైకోర్టుకెక్కింది. 2022 మార్చిలో తీర్పు ఉత్పత్తిదారుల పక్షాన వచ్చింది. నిన్నటి ధరను నేటి పాటతో కొలవడం నా దృష్టిలో కాలదోషం.

2019లోనే ‘రివర్స్ టెండరింగ్’ పేరుతో ఈ పద్ధతి ప్రజాపనులకూ విస్తరించింది. పోలవరం ప్రధాన పనులకు ఒకే సంస్థ బిడ్ వేసి, సుమారు 12.6 శాతం తక్కువ ధర చూపింది. పోటీపాడేవారే లేనిచోట మెట్లు దిగేదెవరితో? 2024లో ప్రభుత్వం మారాక ఆ విధానం రద్దయింది. ఓర్వకల్లు పలకలు మాత్రం 2015 పాటలో కుదిరిన ధరకే నేటికీ విద్యుత్తు అందిస్తున్నాయి.