పార్ష్ణిగ్రాహుడు: 1971 నాటి రాజమండలం

శత్రువుకు శత్రువు మిత్రుడు. కౌటిల్యుని రాజమండల సిద్ధాంతాన్ని అంతర్జాతీయ భద్రతా నిపుణులు తరచుగా ఈ ఒక్క వాక్యానికే కుదిస్తారు. అది అర్ధసత్యం. అర్థశాస్త్రం ఆరవ అధికరణం పేర్కొన్న ద్వాదశ రాజులలో ఇంతకంటె సూక్ష్మమైన స్థానాలున్నాయి. విజిగీషువు ముందుకు కదిలినప్పుడు వెనుకనుండి మడమ పట్టేవాడు పార్ష్ణిగ్రాహుడు. వాని వెనుక నిలిచి, విజిగీషువు మొరను ఆలకించే మిత్రుడు ఆక్రందుడు.

1971లో ఈ మండలమే ప్రత్యక్షమయింది. తూర్పు బెంగాల్ నుండి దాదాపు కోటిమంది శరణార్థులు భారతభూమిని ఆశ్రయించారు. ఎదుట పాకిస్తాన్, వెనుక, హిమాలయాలకు ఆవల, చైనా. జూలైలో హెన్రీ కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ చేరాడు. (ఈ కిసింజరే 2014 నాటి ‘వరల్డ్ ఆర్డర్’ గ్రంథంలో కౌటిల్యుని చర్చించాడు!) అయితే చైనాకు ఉత్తరాన సోవియట్ యూనియన్ ఉంది, 1969లో ఉస్సూరి నదిపై ఆ రెండింటికీ సాయుధ సంఘర్షణ జరిగింది. ఆగస్టు 9న భారత్ సోవియట్‌తో చేసుకున్న ఒడంబడిక ఆక్రందుని ఆహ్వానమే. అలీనవిధానానికి భంగమన్న విమర్శ వినిపించింది. కాని షాడ్గుణ్యం దేశకాలానుగుణంగా ప్రయోగించవలసినదే కదా. హిమాలయ కనుమలు మంచుతో మూసుకునే డిసెంబరులో యుద్ధం వచ్చింది. పార్ష్ణిగ్రాహుడు కదలలేదు.

సంధి విగ్రహాలలో ఫలం సమానమైతే సంధినే వరించాలంటాడు కౌటిల్యుడు. విగ్రహంలో క్షయ వ్యయ ప్రవాసాలతోపాటు ప్రత్యవాయమూ, అనగా పాపమూ ఉంది. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది. పశ్చిమ సరిహద్దులో భారత్ ఏకపక్షంగా ప్రకటించిన కాల్పుల విరమణ మరునాడే అమలులోకి వచ్చింది.