ఇంటి రికార్డింగ్ స్టూడియో

ఇంటి రికార్డింగ్ స్టూడియో అంటే నివాసగృహంలోని గదిలోనే కొద్దిపాటి పరికరాలతో పాటను, మాటను, వాద్యాన్ని రికార్డు చేసుకునే ఏర్పాటు. 1979లో టియాక్ సంస్థ తెచ్చిన నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు ‘పోర్టాస్టూడియో 144’ ఈ పద్ధతికి దారి వేసింది. 2000లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఖర్చును బాగా తగ్గించింది. కంప్యూటరు, ఆడియో ఇంటర్‌ఫేస్, మైకు, హెడ్‌ఫోన్లు ఉంటే పని మొదలవుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడ వంటి ఇరుకు బస్తీల్లో పరికరాలకన్నా గదే పెద్ద చిక్కు. యాకుత్‌పురా, ఫలక్‌నుమా స్టేషన్ల మధ్య ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల మార్గం ఇక్కడి మీదుగానే సాగుతుంది. గోడకు అంటించే ఫోమ్ రైలు చప్పుడును ఆపలేదు. గదిలోని ప్రతిధ్వనిని మాత్రమే తగ్గిస్తుంది. ఆ పనిని దూది పరుపులు, మందపాటి బొంతలు చాలావరకు చేయగలవు. గోడకు 10 సెంటీమీటర్ల ఎడంగా వేలాడదీస్తే ఫలితం ఇంకా మెరుగు. బయటి శబ్దాన్ని అడ్డుకునేది బరువైన గోడ, సందుల్లేని తలుపులు, కిటికీలే.

సద్దు ఎక్కువున్న గదికి డైనమిక్ మైకు నప్పుతుంది. 1966 నుంచి వాడుకలో ఉన్న షూర్ ఎస్‌ఎం58 ఈ రకానిదే. నోటికి 5–10 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే గొంతు ముందు చుట్టుపక్కల చప్పుళ్లు వెనకబడతాయి. కండెన్సర్ మైకులకు సాధారణంగా కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ దీనికి అక్కరలేదు.