ర్యూజో డెక్కు మీంచి వైజాగ్

వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ ఆటలో జపాన్ విమానవాహక నౌకల వరసలో ఆరో మెట్టు మీద ఉండే ఓడ పేరు ర్యూజో. నాలుగో మెట్టు హోషో, ఎనిమిదోది షోకాకు, మధ్యలో ఇది. ఆడేవాళ్ళలో చాలామందికి ఇది షోకాకు చేతికొచ్చేదాకా ఓపిక పట్టి నడపాల్సిన ఓడ, అంతే. విశాఖపట్నంలో కూర్చుని ఆడేవాడికి మాత్రం అంతే అనుకోవడం కష్టం. 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద బాంబులు వేసిన విమానాలు లేచింది ఈ ఓడ డెక్కు మీంచే.

ఆట 2015లో వచ్చింది. నేను మొదలుపెట్టింది ఈ మధ్యే. ఇప్పటికి ఓ నలభై మ్యాచ్‌లు ఆడుంటాను, అందులో ముప్పావు వంతు ఓడిపోయాను. కాబట్టి ఇవి తొలి అభిప్రాయాలే, పండిపోయిన గేమర్లు నవ్వుకోవచ్చు.

మొదట ఆశ్చర్యపరిచేది నెమ్మది. అటు పన్నెండు ఓడలు, ఇటు పన్నెండు, ఇరవై నిమిషాలు గడువు. చుక్కాని తిప్పితే ఓడ కాసేపు ఆలోచించుకుని గానీ తిరగదు. పేల్చిన గుండు గాల్లో సెకన్ల తరబడి ప్రయాణిస్తుంది. శత్రువు ఉన్న చోటికి కాదు, గుండు చేరేసరికి వాడు ఉండబోయే చోటికి గురిపెట్టాలి. జగదాంబ జంక్షన్‌లో రోడ్డు దాటడం వచ్చినవాళ్ళకి ఈ లెక్క తొందరగానే పట్టుబడుతుంది. మిగతా సమయమంతా దీవుల చాటున నక్కి ఉండడం, ఎవరైనా తొంగిచూస్తే కొట్టడం. తుపాకీ ఆటల్లో ఉండే కంగారు లేదు. చదరంగానికీ చేపలు పట్టడానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఏ మాటకామాటే, చాలా బాగుంటుంది. ఓ రాత్రి పదకొండింటికి మొదలెట్టి రెండున్నరకి గానీ లేవలేదు.

విమానవాహక నౌక సంగతి వేరు. ఓడని ఏదో కొండ వెనక పెట్టేసి, మనం విమానాల వెనకాలే ఎగురుతూ పోతాం. ఓడ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. కూలిన విమానాల బదులు కాసేపటికి డెక్కు మీద కొత్తవి తయారవుతాయి. పైలట్ల ఊసు ఎక్కడా ఉండదు. ఓడ మునిగినా ఫరవాలేదు, మ్యాచ్ అవ్వగానే పోర్టులో నిగనిగలాడుతూ నిలబడి ఉంటుంది. అవును, ఆటలో మన ఓడలన్నీ కనిపించే తెరని పోర్టు అనే అంటారు. ఈ ఊళ్ళో ఆ మాటకి వేరే బరువుంది.

ర్యూజో జపాన్ నౌకాదళంలో చేరింది 1933 మే నెలలో. విశాఖ హార్బరులోకి మొదటి సముద్రపు ఓడ వచ్చింది అదే ఏడాది అక్టోబరు 7న. సింధియా కంపెనీ వారి జలదుర్గ అది. అంటే బాంబులు వేసిన ఓడా, వేయించుకున్న రేవూ ఒక ఈడువే. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉప్పుటేరు పర్రని తవ్వి, రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అలలకి అడ్డంగా పెట్టి కట్టారు దీన్ని. మధ్య పరగణాల నుంచి మాంగనీసు దింపుకోవడానికి రాయపూర్ రైలు మార్గం 1931 నాటికే సిద్ధమైంది. 1941 జూన్‌లో వాల్‌చంద్ హీరాచంద్ ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. యుద్ధం దగ్గరికొచ్చేసరికి ఊరి పరిస్థితి ఇది. సగం కట్టిన కలలు చాలా ఉన్నాయి, కాపు కాయడానికి ఫైటర్ విమానాల దళం లేదు.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ పోయింది. మార్చిలో రంగూన్ పోయింది, ఆ నెలాఖరుకి అండమాన్లూ పోయాయి. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు అడ్మిరల్ నగుమో పెద్ద దళం కొలంబో మీద పడింది. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా ర్యూజోనీ, చోకాయ్, మొగామి, మికుమా, కుమానో, సుజుయా అనే భారీ క్రూయిజర్లనీ వెంటేసుకుని బంగాళాఖాతంలోకి వచ్చాడు. ఆయన పని యుద్ధనౌకలతో కాదు, సరుకు ఓడలతో. దళాన్ని మూడు ముక్కలు చేసి తీరం పొడవునా వదిలాడు. కొద్ది రోజుల్లో ఇరవై చుట్టుపక్కల సరుకు ఓడలు మునిగాయి. విశాఖ మీదా, కాకినాడ మీదా విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజుల్లో మన సముద్రంలో తిరిగే బ్రిటిష్ సరుకు ఓడల్లో బొగ్గు తోసేవాళ్ళూ, తాళ్ళు లాగేవాళ్ళూ చాలామటుకు ఇక్కడి లాస్కర్లే. వాళ్ళ పేర్లు నౌకా చరిత్రల్లో వెతికితే దొరకడం కష్టం. క్రూయిజర్ల పేర్లు మాత్రం, చూశారుగా, నాకూ నోటికొచ్చేశాయి. మొగామి అయితే ఆటలో కూడా ఉంది, ఎనిమిదో మెట్టు.

ఆట మీద నా అసలు పేచీ ఇక్కడే. అందులో పోరాటం ఎప్పుడూ సమ ఉజ్జీల మధ్యే జరుగుతుంది. మ్యాచ్‌మేకింగ్ అనే యంత్రం ఉంది. అది ఆరో మెట్టు ఓడని దాని స్థాయికి దగ్గర్లో ఉన్నవాళ్ళతోనే కలుపుతుంది. కొంచెం తేడా వస్తే చాలు, ఆటగాళ్ళు నిష్టూరాలాడతారు, ఇదేం న్యాయమని. ఆటకి ఈ న్యాయం కావాలి, లేకపోతే ఎవడూ ఆడడు. కానీ ఓడ కవచం మందం దగ్గర్నుంచి తుపాకీ గొట్టాల లెక్క దాకా చరిత్రలోంచి తెచ్చి, ఆ ఓడ చేసిన పనిని మాత్రం బయట వదిలేశారు. ర్యూజో 1942 ఏప్రిల్‌లో చేసింది మ్యాచ్ కాదు. అవతల ఆడేవాడే లేడు. మామూలు మల్టీప్లేయర్ మ్యాచ్‌లో మాంగనీసు ఓడ ఉండదు, దాని మీద గొడుగేసుకుని లెక్కలు రాసుకునే గుమాస్తా ఉండడు. దీవుల మీద ఇళ్ళు ఉంటే ఉంటాయి, ఇళ్ళల్లో మనుషులుండరు. కింద తీరం అనేది చాటు కోసం తప్ప మరెందుకూ పనికిరాదు.

ఆ తీరంలో ఏం జరిగిందంటే, యుద్ధం లెక్కల్లో నష్టం చిన్నది, భయం చాలా పెద్దది. జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాల్ని లోపలి జిల్లాలకి తరలించింది, అక్కడి జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాల్ని కాల్చేయించింది, బాంబులకి బోనులు విరిగితే పులులు బజార్న పడతాయని. ఇవన్నీ స్క్రీను మీద పాయింట్లుగా రావు. ఆ రోజున పడిన బాంబొకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలు దానిపక్కన సెల్ఫీలు దిగుతారు. కోస్టల్ బ్యాటరీ అనే పేరు ఆటోవాళ్ళ నోట ఇంకా బతికుంది, ఒకప్పుడు అక్కడ ఫిరంగులుండేవన్న సంగతి తెలిసినా తెలియకపోయినా.

ఆట ఇంకో సౌకర్యం కూడా ఇస్తుంది. ఎవరు ఎవర్ని ముంచారో అప్పటికప్పుడు స్క్రీను మూలన రాసేస్తుంది. ఈ ఊరి రెండో యుద్ధంలో ఆ సౌకర్యం లేదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ హార్బరు ముంగిట పేలి మునిగింది, తొంభైమందికి పైగా నావికులతో. అంతకుముందు అమెరికా వాళ్ళ దగ్గర అది డయాబ్లో. విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్లలో ఉంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిల వల్లే మునిగిందని మన నౌకాదళం, కాదు ప్రమాదమని వాళ్ళు. యాభై ఏళ్ళు దాటినా తేలలేదు. మన సినిమా 2017లో తనకి తోచినట్టు తేల్చేసింది. ఓడ మాత్రం ఇప్పటికీ ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో అడుగున పడుంది.

ఆటలోకి ఇప్పుడు సబ్‌మెరైన్లు కూడా వచ్చాయి. వాటిని తిట్టని ఆటగాడు లేడు. నాకూ చిరాకే, కానీ వాటిని ముంచినప్పుడు కలిగే ఆనందం ఆర్కే బీచ్‌లో కురుసుర ఎక్కి వచ్చాక కొంచెం తగ్గింది. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసి, ఆ మరుసటేడు మ్యూజియం అయింది. 91 మీటర్ల గొట్టం. లోపల డెబ్భైమందికి పైగా బతికేవాళ్ళు. టార్పెడోల పక్కనే పడకలు. మే నెలలో ఆదివారం సాయంత్రం పూట, ముందున్న కుటుంబం కదలక, వెనక కుటుంబం తోస్తుంటే, గొట్టం మధ్యలో ఇరుక్కుని నిలబడితే తెలుస్తుంది.

ర్యూజో కథ తొందరగానే ముగిసింది. విశాఖకి వచ్చి వెళ్ళిన నాలుగున్నర నెలలకే, 1942 ఆగస్టు 24న, సాలొమన్ దీవుల దగ్గర అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి. మికుమా అంతకు ముందే జూన్‌లో మిడ్‌వే దగ్గర పోయింది. మిగిలిన నాలుగు భారీ క్రూయిజర్లూ 1944 ముగిసేలోగా ఫిలిప్పీన్స్ సముద్రాల్లో మునిగాయి. ఇటు విశాఖలో సింధియా వాళ్ళ యార్డులో తయారైన మొదటి ఓడ జలఉషని 1948 మార్చి 14న నెహ్రూ నీళ్ళలోకి దింపారు.

నాకు ర్యూజోతో నిన్న రెండు గెలుపులు వచ్చాయి. ఇంకొన్ని మ్యాచ్‌లు ఆడితే షోకాకు చేతికొస్తుంది. కొలంబో మీదికి వెళ్ళిన ఓడల్లో అదొకటి. ఆసియా సర్వర్‌లో శ్రీలంక వాళ్ళు కూడా ఆడుతుంటారేమో, ఎప్పుడైనా తగిలితే అడగాలి.