కూపరేజ్ మైదానంలో మన పోలీసోళ్లు

బొంబాయి, 1954. కూపరేజ్ మైదానం చుట్టూ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ముందున్నవాళ్ల భుజాల సందులోంచి మీరు తొంగి చూస్తున్నారు. మీ పక్కనే మక్తల్ మల్లయ్య. ఈ మల్లయ్య నేను కల్పించుకున్న మనిషే. అయితే ఆయనలా పాలమూరు నుంచి వచ్చినవాళ్లు అప్పటికే ఈ నగరంలో చాలామంది ఉన్నారు. కాలం కాని ఏడు కృష్ణా స్టేషన్‌లో రైలెక్కి, వాడి, గుల్బర్గా, షోలాపూర్, పూనా దాటి వచ్చి రాళ్లు కొట్టారు, మట్టి మోశారు, మేడలు లేపారు. నైజాం రాజ్యం నుంచి వచ్చిన ఆ కామాఠీల పేరుతోనే బొంబాయిలో కామాఠీపుర వెలసింది. మల్లయ్య ఇక్కడ మొదటిసారి దిగినప్పుడు చేతిలో ఉన్నవి హాలీ సిక్కా రూపాయలు. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు వచ్చాయి.

“ఏం కాకా, ఎవలాడుతున్రు?”

“మన పట్నం పోలీసోళ్లు బిడ్డా. నాలుగేండ్ల సంది ఈ కప్పు వాళ్లదే. ఇయ్యాల గూడ గెలిస్తె అయిదు.”

విజిల్ పడింది. తోలు బంతి, లోపల బ్లాడరు, పైన తాడుతో బిగించిన మూతి. తడిస్తే బరువెక్కి, తలతో కొట్టినవాడికి కళ్లు తిరిగే బంతి అది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాళ్ల కాళ్ల మధ్య మాత్రం అది నిలవడం లేదు. ఒకడికి అందిందో లేదో ఇంకొకడి దగ్గర ఉంటోంది. ఎదుటివాడు అడ్డం వచ్చేసరికి అక్కడ బంతి లేదు, మనిషీ లేడు. ఇద్దరిని ముగ్గురిని తప్పించుకుంటూ ఒంటరిగా దూసుకుపోయే ఆటకు చప్పట్లు కొట్టడం అలవాటైన జనం మొదట కాసేపు తికమకపడతారు. చప్పట్లు ఎవరికి కొట్టాలో తెలియదు. కాసేపయ్యాక తెలుస్తుంది, పదకొండు మందికీ కొట్టాలని.

ఆ ఏడు కూడా రోవర్స్ కప్ మనోళ్లదే అయింది. 1950, 51, 52, 53, 54. వరసగా అయిదేళ్లు. 1891లో మొదలైన ఆ టోర్నీ చరిత్రలో ఇంకే జట్టూ ఈ పని చేయలేకపోయింది.

ఈ జట్టు ఎట్లా తయారైందో చూడాలంటే బొంబాయి వదిలి హైదరాబాదు రావాలి. కాలంలో కూడా పదకొండేళ్లు వెనక్కి పోవాలి.

1943. నగరంలో ఒక బడిపంతులు పిల్లలతో పాఠం చెప్పించుకుంటున్నాడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో ఇక్కడే పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, అక్కడే ఫుట్‌బాల్ ఆడాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బళ్లలో పనిచేస్తూ వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకున్నాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత ఈ ఏడే ఆయన చేతికొచ్చింది, చనిపోయేదాకా ఆయన దగ్గరే ఉంది. 1939లో పుట్టిన సిటీ పోలీస్ జట్టు కూడా ఇదే ఏడు బెంగళూరు వెళ్లి, ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్ ఫోర్స్‌ను ఓడించి వచ్చింది. తెల్లవాళ్ల సైనిక జట్టును నైజాం నగరం కానిస్టేబుళ్లు గెలిచారన్న కబురు ఇరానీ హోటళ్లలో చాయ్‌తో పాటు ఎన్ని బల్లలు తిరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

బడి వదిలాక రహీం వెంట మైదానానికి నడవండి. సాయంత్రం అక్కడ జరిగే ఆట వింతగా ఉంటుంది. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదు. అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. బంతిని తిప్పకుండా ఆడాల్సిన టోర్నమెంట్లు ఆయన వేరుగా పెట్టించాడు. ఇంకో పోటీలో కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే కొట్టాలి. తన్నబోయిన పిల్లాడు తడబడి కింద పడతాడు, చూసేవాళ్లు నవ్వుతారు, పంతులు నవ్వడు. మళ్లీ కొట్టమంటాడు. నెల తిరిగేసరికి ఆ పిల్లాడికి రెండు కాళ్లూ పనికొస్తాయి. ఎత్తు తక్కువ పిల్లలకు వేరే పోటీలు, పరుగు వేగానికి వేరే పోటీలు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఒక బంతి, కొంచెం నేల, సాయంత్రం విడవకుండా వచ్చే ఒక పంతులు చాలు.

ఆటగాడికి ఆట ఒక్కటే ఉంటే కడుపు నిండదు. ఆ లోటు పోలీసు శాఖ తీర్చింది. బాగా ఆడే కుర్రాడికి కానిస్టేబుల్ ఉద్యోగం, నెలనెలా జీతం, పొద్దున్నే మైదానం. ఇన్‌స్పెక్టర్ జనరల్ శివకుమార్ లాల్‌కు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. గోషామహల్ పోలీస్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. 1950లో సిటీ పోలీస్ శిక్షణ కూడా రహీం చేతికి వచ్చింది. పంతులు పద్ధతి, పోలీసు జీతం కలిశాయి. ఆ కలయిక వల్లే మీరు కూపరేజ్‌లో చూసిన ఆట పుట్టింది.

అదే 1950లో నల్లగొండ వైపు నడుద్దాం. సూర్యాపేట దారిలో సాయంత్రమైతే జనం తలుపులు బిగించుకుంటున్నారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. 1948 సెప్టెంబరులో నైజాం పాలన పోయినా ఊళ్లలో సైన్యం, పోలీసులు క్యాంపులు వేసి ఉన్నారు. ఇక్కడ ‘పోలీసులొచ్చిన్రు’ అని ఎవరన్నా అంటే పిల్లలు చేలల్లోకి పరుగెత్తుతారు. బొంబాయిలో మల్లయ్య ‘మన పోలీసోళ్లు’ అని ఛాతీ విరుస్తాడు. రెండూ ఒకే కాలం, ఒకే రాజ్యం, ఒకే యూనిఫాం. పోరాట విరమణ 1951 అక్టోబరులో జరిగింది. కొద్దినెలల్లోనే జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో ఆ పోరాట నాయకుల్లో ఒకరైన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఆధిక్యంతో లోక్‌సభకు వెళ్లారు. సిటీ పోలీస్ రోవర్స్ కప్పులు గెలుచుకుంటూ పోయిన ఏళ్లు ఇవే. హైదరాబాదు ఫుట్‌బాల్ స్వర్ణయుగం గురించి రాసేటప్పుడు ఈ పక్క కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఢిల్లీ. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో డ్యూరాండ్ కప్ మళ్లీ మొదలైంది. ఫైనల్లో ఎదుట మోహన్ బగాన్. ఆ పేరు వింటేనే సగం జట్లు వణికే రోజులు. 1-1తో తేలలేదు. మళ్లీ ఆడారు. ఈసారి 1-0, కప్పు హైదరాబాదుకు. 1954లోనూ, 1957లోనూ అదే కప్పు మళ్లీ వచ్చింది. 1957లో ఓడింది ఈస్ట్ బెంగాల్. జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యాక 1961లో మోహన్ బగాన్‌నే మళ్లీ 1-0తో ఓడించింది. కలకత్తా గడ్డమీద ఫుట్‌బాల్‌ను దేవుడిలా కొలిచే జట్లకు ఈ కానిస్టేబుళ్లు ఎప్పుడూ కంట్లో నలుసే.

సికింద్రాబాదు అమ్ముగూడలో ఆగుదాం. ఒక చెప్పులు కుట్టే మనిషి ముందు ఒక కుర్రాడు కూర్చున్నాడు. బూట్లు కొనే స్తోమతు ఇంట్లో లేదు. పోలీసులు వాడి పడేసిన పాత బూట్లను ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి కుట్టమని బతిమాలుతున్నాడు. సూది తోలులోంచి దిగుతుంటే కుర్రాడు కళ్లార్పడం లేదు. అతడే తులసీదాస్ బలరాం. అమ్ముగూడ నుంచి శిక్షణ శిబిరానికి రావడానికి డబ్బులు లేవంటే సైకిల్ కిరాయి రహీం తన జేబులోంచి ఇచ్చాడు. ఆ కుర్రాడు హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలవడంలో భాగమయ్యాడు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

మెల్‌బోర్న్‌లో రహీం భారత జట్టు కోచ్‌గా బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. నాలుగేళ్ల కింద హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు చాలావరకు వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తిన్నది. ఆ దెబ్బతో దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఈసారి జట్టులో మన సిటీ పోలీస్ నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, కుర్రాడు జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. ఆస్ట్రేలియాను వాళ్ల సొంతగడ్డ మీదే 4-2తో ఓడించారు. బొంబాయి నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియానే. ముందు గోలు కొట్టింది మనమే, చివరికి ఓడింది 4-1తో. కాంస్య పతకం పోరులో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకన్నా పైకి ఎప్పుడూ పోలేదు.

1962 సెప్టెంబరు 4. జకార్తా, ఏషియన్ గేమ్స్ ఫైనల్. స్టేడియం నిండా జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. ఇండియా అన్న మాట వినిపిస్తే చాలు, ఈలలు, కేకలు. రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ముందు రోజు రాత్రి పిల్లలను కూర్చోబెట్టుకుని, రేపు స్వర్ణం గెలిచి నాకు కానుకగా ఇవ్వండి అని అడిగాడని ఆటగాళ్లు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ రోజు ఆడినవాళ్లలో మన బలరాం ఉన్నాడు, ఆంధ్రప్రదేశ్ పోలీస్ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. తలకు గాయమైన జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరసకు పంపాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. దక్షిణ కొరియాపై 2-1. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మళ్లీ స్వర్ణం రాలేదు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశాడు.

ఆ తర్వాత కథ మైదానంలో కన్నా రైల్వే స్టేషన్‌లోనే ఎక్కువ కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి చూడండి. కలకత్తా బండెక్కుతున్నది బలరాం. అది 1957, ఈస్ట్ బెంగాల్ పిలిచింది. కొన్నేళ్లకు అదే దారిన సయ్యద్ నయీముద్దీన్, 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్. మహమ్మద్ హబీబ్ కూడా అటే పోయాడు. 1977లో కలకత్తాకు పెలే కాస్మోస్ జట్టుతో వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఎదురు నిలిచినవాళ్లలో ఆయన ఒకరు. కలకత్తా క్లబ్బులిచ్చే పైసల ముందు కానిస్టేబుల్ జీతం ఏపాటిది? పోయినవాళ్లను తప్పు పట్టలేం. పోయినవాడి స్థానంలో కొత్తవాణ్ని తయారుచేసే పంతులు లేకపోవడమే అసలు దెబ్బ. ఆటగాళ్లకిచ్చే ఉద్యోగాలు తగ్గాయి, బడి టోర్నమెంట్లు ఆగాయి, గల్లీల్లోకి క్రికెట్ బ్యాటు వచ్చింది.

ఇక ఇవాళ్టికి రండి. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కప్పు గెలిచింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. డబ్బు పెట్టినవాడు మూట కట్టుకుంటే క్లబ్బు కూడా మూటలోకే పోతుందని అప్పుడు తెలిసింది. గోషామహల్ పోలీస్ స్టేడియం స్థలంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి కావలసిందే, పాత భవనం పరిస్థితి తెలిసినవాళ్లెవరూ కాదనరు. అదే ఏడు డిసెంబరు 13న ఉప్పల్ స్టేడియంలో మెస్సీ అడుగుపెట్టాడు. ఆయనతో బంతి ఆడిన ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఉమ్మడి పాలమూరు జిల్లా కొండారెడ్డిపల్లి వాస్తవ్యులు. ఆ రాత్రి ఊళ్లలో పిల్లలు టీవీ ముందు నుంచి లేవలేదు.

మెస్సీని చూసిన పిల్లాడికి తెల్లారి కావలసింది బంతి, నేల, పంతులు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సర్కారు బళ్లున్నాయి, గురుకులాలున్నాయి, వాటిలో పీఈటీలూ ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట. ఈ ఎండాకాలం సెలవుల్లో రహీం పోటీ ఒకటి మీ మండలంలో పెట్టండి. బంతి తిప్పకుండా ఒక ఆట, ఎడమకాలితో ఒక ఆట. పోలీసు శాఖ, ఆర్టీసీ, సింగరేణి ఏటా పదిమంది ఆటగాళ్లకైనా ఉద్యోగం ఇస్తామంటే ఆ పిల్లల తల్లిదండ్రులు వద్దనరు. అయిదు రోవర్స్ కప్పులు తెచ్చిన జట్టు వెనక ఉన్నవి ఈ రెండే.